మంట ఆరిన మర్నాడు

ఇల్లు తగలబడుతుంటే చూడ్డానికి ఊరంతా వస్తుంది. మర్నాడు బూడిద దగ్గర ఎంతమంది ఉంటారు? దాదాపు రెండున్నర శతాబ్దాల కిందట పారిస్‌లో ఓ భవనం కాలిపోయింది. ఆ మంటను బొమ్మ గీసిన చిత్రకారుడు అక్కడితో ఆగలేదు. మర్నాటి బూడిదనీ గీశాడు. ఈ రెండు బొమ్మల కథ ఇది.

1781 జూన్ 8. పారిస్ నడిబొడ్డున పాలే రొయాల్ అనే రాజభవనం. దాన్ని ఆనుకునే నగరంలోకెల్లా పేరున్న ఒపేరా హౌస్. ఒపేరా అంటే పద్యనాటకంలాంటిదే అనుకోవచ్చు. మాటలకు బదులు పాటలు, మధ్యమధ్య నాట్యం, పెద్ద వాద్యబృందం, కళ్లు చెదిరే సెట్టింగులు. ఆ సాయంత్రం గ్లక్ స్వరపరచిన 'ఆర్ఫియస్' ఆడుతోంది. గ్లక్ అంటే ఆషామాషీ మనిషి కాదు. ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్‌కు చిన్నప్పుడు వియన్నాలో సంగీతం నేర్పిన గురువు.

ఆర్ఫియస్ గ్రీకు పురాణాల్లోని గాయకుడు. చనిపోయిన భార్యను వెతుక్కుంటూ యమలోకానికి వెళతాడు. వింటుంటే మన సావిత్రి గుర్తొస్తుంది కదూ! సావిత్రి మాటలతో యముణ్ని గెలిచింది. ఆర్ఫియస్ పాటతో గెలిచాడు. భార్యను తీసుకెళ్లొచ్చు గానీ ఒక్క షరతు... భూలోకం చేరేదాకా వెనక్కి తిరిగి ఆమె ముఖం చూడకూడదు. అతను చూడకుండా ఉండలేకపోయాడు. అదే కథ.

ఆ రోజు ఆట ముగింపుకొచ్చింది. సరిగ్గా అప్పుడే రంగస్థలం పైన వేలాడుతున్న సీనరీ గుడ్డ ఒకటి అంటుకుంది. కరెంటు లేని రోజులవి. నాటకశాలలో వెలుగంతా కొవ్వొత్తులదీ నూనె దీపాలదే. వాటి మధ్యన రంగులద్దిన పరదాలు, తాళ్లు, చెక్క చట్రాలు. ఆకాశం దిగొచ్చినట్టు, సముద్రం పొంగినట్టు చూపించే యంత్రాలు కూడా చెక్కవే. ఒక నిప్పురవ్వ చాలు.

నాట్యబృందం పెద్దల్లో ఒకడైన డోబర్వాల్ పైకి చూశాడు. అరవలేదు. వెంటనే తెర దించెయ్యమన్నాడు. ప్రేక్షకులు ఆట అయిపోయిందనుకున్నారు. తొక్కిసలాట లేకుండా మెల్లగా బయటికి నడిచారు. తెర అవతల ఏం జరుగుతోందో వాళ్లకు తెలియదు. ఆ కాసేపట్లో వందలమంది ప్రాణాలు దక్కాయి. తెర ఇవతలివాళ్లు బతికిపోయారు. అవతల మిగిలిన నాట్యగాళ్లు, పనివాళ్లలో కొందరు బయటపడలేకపోయారు.

డోబర్వాల్ తర్వాత 1789లో ఓ బ్యాలే నాటకం కూర్చాడు. 'లా ఫీ మాల్ గార్దే' అనే ఆ పల్లెటూరి ప్రేమకథను నేటికీ ప్రపంచమంతా ఆడుతున్నారు. దాని పేరు తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఓ రాత్రి సమయానికి తెర దించిన సంగతి మాత్రం కొద్దిమందికే గుర్తు.

కాలడం కొత్త కాదు

పాలే రొయాల్ ఒపేరాకు నిప్పు కొత్త కాదు. అక్కడ మొదట కార్డినల్ రిషెల్యూ కట్టించిన నాటకశాల ఉండేది. 1641లో మొదలైంది. ఫ్రెంచి హాస్య నాటకాలకు పెద్ద దిక్కయిన మొలియేర్ తన బృందంతో అందులోనే ఆడాడు. 1673 ఫిబ్రవరిలో ఆ వేదిక మీద రోగి వేషం వేస్తుండగానే నిజంగా జబ్బు ముదిరి, అదే రాత్రి ఇంటికి చేరాక కన్నుమూశాడు. తర్వాత ఆ హాలు ఒపేరా చేతికొచ్చింది. 1763 ఏప్రిల్ 6న కాలిపోయింది. దాని బదులు కొత్తది కట్టి 1770 జనవరిలో తలుపులు తెరిచారు. పదకొండేళ్లు తిరిగాయి. మళ్లీ అంతే!

మరి మంటలార్పేవాళ్లు లేరా? ఉన్నారు. ఆ కథ కూడా నాటకాల నుంచే పుట్టింది. అంతకుముందు పారిస్‌లో ఎక్కడ నిప్పంటుకున్నా చుట్టుపక్కలవాళ్లు బకెట్లు పట్టుకుని పరుగెత్తాల్సిందే. మఠాల్లోని సన్యాసులు ముందుండి ఆర్పేవాళ్లు. 1699లో దుమూరియే దు పెరియే అనే నాటక నటుడు నగరానికి చేతిపంపులు తెచ్చే హక్కును రాజు దగ్గర సంపాదించాడు. 1716లో పంపుల దళం ఏర్పడింది. వేషాలు వేసి నవ్వించిన మనిషి నగరానికి అగ్నిమాపక దళం ఇచ్చాడన్నమాట. కానీ చేతులతో తొక్కే ఆ పంపులు అంతెత్తు నాటకశాల ముందు ఎంత? ఒపేరా హౌస్ నిలువునా కాలిపోయింది.

కిటికీలోంచి చూసిన మంట

పాలే రొయాల్ నుంచి కొద్ది నిమిషాల నడక దూరంలోనే లూవ్ర్. ఇప్పుడది మ్యూజియం. అప్పట్లో రాజుగారి పాత భవనం. రాజులు వెర్సాయికి మకాం మార్చాక అందులో చిత్రకళా అకాడమీ నడిచేది. పేరున్న చిత్రకారులకు అక్కడే ఉండటానికి గదులిచ్చేవాళ్లు. అలా అక్కడ చోటు దొరికినవాడే హ్యూబర్ట్ రాబర్ట్. ఫ్రెంచివాళ్ల నోట ఉబేర్ రొబేర్. అప్పటికి 48 ఏళ్లు.

ఆ ఏడాది జరిగిన చిత్రప్రదర్శనలో రాబర్ట్ ఒపేరా అగ్నిప్రమాదాన్ని చూపెట్టాడు. అకాడమీ కిటికీలోంచి కనిపించినట్టుగా గీసినదది. ఆ మంటను ఆయన ఒక్కసారి గీసి ఊరుకోలేదు. పాలే రొయాల్ తోటల వైపు నుంచి కనిపించినట్టుగా గీసిన బొమ్మ ఇప్పుడు పారిస్ నగర చరిత్రను భద్రపరిచే కార్నవాలే మ్యూజియంలో ఉంది.

నూనెరంగుల్లో మంటను గీయడం మాటలు కాదు. మంటకు ఆకారం ఉండదు, అంచు ఉండదు. పైగా అదే వెలుగు. రంగు డబ్బాలో వెలుగు దొరకదు కదా! అందుకే చిత్రకారులు ముందు చీకటిని గీస్తారు. ఇళ్ల కప్పులు, గోడలు, చెట్లు, మనుషులు... అన్నీ నల్లగా, మట్టిరంగులో వేస్తారు. ఆ చీకటి నడుమ చిక్కటి పసుపు, తెలుపు, నారింజ రంగులు కుంచెతో దట్టంగా పెడతారు. చుట్టూ ఉన్న నలుపు వల్లే ఆ రంగు మండుతున్నట్టు కనిపిస్తుంది. రాబర్ట్ చేసిందీ అదే. ఆకాశంలో సగం పొగే. ఆ పొగ నల్లగా లేదు. కింది మంట వెలుగు తగిలి లోపల నుంచి ఎర్రబడినట్టుంటుంది. భవనాలు నల్లటి గీతల్లా మిగిలిపోతాయి.

వాటి ముందు చిన్న చిన్న మనుషులు. చీమలంత. కళ్లన్నీ మంట మీదే. వాళ్లు ఏడుస్తున్నారో, భయపడుతున్నారో, ఆశ్చర్యపోతున్నారో తెలియదు. ముఖాలు కనిపించవు. ఒకటి మాత్రం ఖాయం... వాళ్లంతా చూస్తున్నారు. కాసేపటి కిందట లోపల కూర్చుని ఆట చూసినట్టే ఇప్పుడు బయట నిలబడి మంటను చూస్తున్నారు. రాబర్ట్ ఆ తేడాను, తేడా లేకపోవడాన్ని కూడా దాచలేదు.

శిథిలాల రాబర్ట్

ఇంతకీ ఈ రాబర్ట్ ఎవరు? 1733లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి ఓ ప్రభువు కొలువులో పనిచేసేవాడు. ఆ ప్రభువు కొడుకు 1754లో రోమ్‌కు రాయబారిగా వెళుతూ తన వెంట ఈ కుర్రాణ్నీ తీసుకెళ్లాడు. అంతే... రాబర్ట్ పదకొండేళ్లు అక్కడే ఉండిపోయాడు. కూలిన గుళ్లు, విరిగిన స్తంభాలు, గడ్డి మొలిచిన తోరణాలు... రోమ్ అంతా ఆయనకు బడి. అప్పుడే వెసూవియస్ అగ్నిపర్వతం కింద కప్పడిపోయిన పాంపే నగరాన్ని తవ్వుతున్నారు. 1760లో వెళ్లి అదీ చూసొచ్చాడు. మనిషి సాహసి కూడా. ఓ పందెం కోసం కొలోసియం గోడల పైదాకా పాకాడట. ఎక్కడం ఎక్కాడు గానీ దిగేటప్పుడు ప్రాణాల మీదికొచ్చింది.

1765లో పారిస్ తిరిగొచ్చాడు. మరుసటేడాది అకాడమీ సభ్యత్వం వచ్చింది. 1767 ప్రదర్శనతో పేరు మారుమోగింది. 'శిథిలాల రాబర్ట్' అని పిలవడం మొదలుపెట్టారు. చేయి మహా వేగం. రాణిగారి బొమ్మలు గీసిన ఎలిజబెత్ విజే లబ్రన్ ఆయన వేగాన్ని తన జ్ఞాపకాల్లో ప్రత్యేకంగా చెప్పుకొంది. పెద్దింటివాళ్లంతా ఎగబడి ఆయన బొమ్మలు కొన్నారు. హాల్లో గోడకు ఓ రోమన్ శిథిలం వేలాడుతుంటే అదో దర్జా!

ఆయన బొమ్మల్ని మెచ్చుకున్నవాళ్లలో దిదెరో ఒకడు. విజ్ఞాన సర్వస్వాన్ని తెచ్చిన మేధావి. శిథిలాల ముందు నిలబడితే మనిషికి తానెంత క్షణికమో తెలుస్తుందన్నాడు. పొగుడుతూనే ఓ తప్పు పట్టాడు. ఈ శిథిలాల్లో మనుషులు మరీ ఎక్కువైపోయారు, తీసెయ్యమన్నాడు. శిథిలం అంటే నిశ్శబ్దంగా, ఒంటరిగా ఉండాలని దిదెరో లెక్క.

రాబర్ట్ వినలేదు. ఆయన శిథిలాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. చక్రవర్తులు కట్టించిన స్తంభాలకు తాడు కట్టి బట్టలారేస్తున్న చాకలి స్త్రీలు. దేవతా విగ్రహం పక్కన పశువులకు నీళ్లు పెడుతున్న కాపరి. ఆడుకునే పిల్లలు. కూలిపోయాక కూడా ఎవరో ఒకరు అక్కడ బతకాలి కదా... ఆయన చూపంతా వాళ్ల మీదే.

దూరం నుంచి చూస్తే...

ఆ రోజుల్లో నిప్పును గీయడం ఓ ఫ్యాషన్. వోలేర్ అనే మరో ఫ్రెంచి చిత్రకారుడు నేపుల్స్‌లో మకాం పెట్టి వెసూవియస్ బద్దలవుతున్న బొమ్మలే గీసి, వచ్చిన యాత్రికులకు అమ్మేవాడు. ఎగసే లావా, ఇవతలి ఒడ్డున నిలబడి చూసే జనం... కొనేవాళ్లకు అదే ముచ్చట. అంతకు కొద్దికాలం ముందే, 1757లో ఎడ్మండ్ బర్క్ ఓ పుస్తకంలో దీని గుట్టు విప్పాడు. భయంకరమైనది మన మీదికి రానంతసేపూ, కాస్త దూరంలో ఉన్నంతసేపూ దాన్ని చూడ్డంలో మనిషికి ఒక రకమైన ఆనందం ఉంటుందన్నాడు. వారన్ హేస్టింగ్స్ భారతదేశంలో చేసిన అక్రమాల మీద తర్వాత బ్రిటిష్ పార్లమెంటులో నిప్పులు చెరిగిన బర్కే ఈయన.

ఆ మాట వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ అబద్ధమా? రోడ్డు మీద ప్రమాదం జరిగితే బండి ఆపి చూసేది అందుకే. ఎక్కడో వరదొస్తే టీవీ ముందు నుంచి లేవలేనిదీ అందుకే. చెడ్డతనం వల్ల కాదు. మనం ఇవతలి ఒడ్డున ఉన్నాం అనే నిశ్చింత వల్ల. రాబర్ట్ కూడా కిటికీలోంచి చూశాడు. బొమ్మ గీశాడు. జనం వచ్చి చూశారు. అక్కడితో ఆగిపోతే ఆయనా వోలేర్‌లాంటివాడే అయ్యేవాడు.

రెండో బొమ్మ

అక్కడితో ఆగలేదు. అదే ప్రదర్శనలో మంట బొమ్మతో పాటు మరో బొమ్మ పెట్టాడు. కాలిపోయిన మర్నాడు ఆ ఒపేరా లోపలి దృశ్యం అది.

పైకప్పు లేదు. ఆకాశం కనిపిస్తోంది. నిన్నటిదాకా దీపాలు వెలిగిన చోటికి పగటి వెలుగు నేరుగా పడుతోంది. గోడలు మసిబారి మొండిగా నిలబడ్డాయి. పొగ ఇంకా లేస్తూనే ఉంది. కూలిన దూలాలు, రాళ్లు. వాటి మధ్య మళ్లీ మనుషులు... చీమలంత.

చూడగానే అది పారిస్‌లా ఉండదు. రోమ్‌లా ఉంటుంది. రాబర్ట్ కుర్రతనంలో గీసిన పాత శిథిలాల్లాగే ఉంటుంది. తేడా ఒక్కటే. రోమ్ శిథిలం కావడానికి వెయ్యేళ్లకు పైగా పట్టింది. దీనికి ఒక్క రాత్రి.

మొదటి బొమ్మను ఎవరైనా గీస్తారు. దానికి వెలుగుంది, ఉరవడి ఉంది, జనం ఉన్నారు. రెండోదాంట్లో చూడ్డానికి ఏముంది? బూడిద! అయినా రాబర్ట్ ఆ రెండింటినీ కలిపి జనం ముందుంచాడు. నిన్న రాత్రి మీరు చూసినదాని తర్వాతి భాగం ఇదీ అని చెప్పినట్టుగా. ఆర్ఫియస్ నాటకంలో వెనక్కి చూడటమే నేరం. ఆ నాటకం ఆడిన హాలుకు మాత్రం వెనక్కి చూసేవాళ్లే కావలసి వచ్చింది.

రాబర్ట్‌ను మరీ మహాత్ముణ్ని చేయనక్కర్లేదు. ఆయన బొమ్మలు అమ్ముకునే బతికాడు. శిథిలం అమ్ముడవుతుందని తెలిసిన మనిషి. ఊళ్లో మంట లేస్తే అది తన సరుకేనని ఆయనకు తెలియకుండా ఉంటుందా? అయినా అమ్ముడయ్యే మంటతో పాటు బూడిదనూ పెట్టాడు. అదే ఆయన గొప్ప.

ఒపేరాకు మూడు నెలలు... ఆసుపత్రికి నూరేళ్లు

మర్నాడు చూడటం ఎందుకు అవసరమో తెలియాలంటే పారిస్‌లోనే మరో అగ్నిప్రమాదం సంగతి చెప్పుకోవాలి. దాన్నీ రాబర్టే గీశాడు.

నోత్ర్ దామ్ చర్చి పక్కనే సెన్ నది ఒడ్డున ఒటెల్ ద్యు. పేరులో హోటల్ ఉన్నా అది ఆసుపత్రి. 'దేవుడి ఇల్లు' అని అర్థం. పారిస్ పేదలందరికీ అదే దిక్కు. 1772 డిసెంబరు 29 రాత్రి దానికి నిప్పంటుకుంది. రోజుల తరబడి కాలింది. లేవలేని రోగులు ఎంతమంది పోయారో సరైన లెక్కే తేలలేదు. ఆ మంట బొమ్మ కూడా ఇప్పుడు కార్నవాలే మ్యూజియంలోనే ఉంది.

రెండు భవనాలు. రెండు మంటలు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి.

ఒపేరా కాలాక రాణిగారు తొందరపెట్టారు. వాస్తుశిల్పి లెనువార్ రాత్రింబవళ్లు మనుషుల్ని పెట్టి పోర్త్ సాఁ మార్తాఁ దగ్గర కొత్త హాలు కట్టించాడు. పనికి మూడు నెలలు కూడా పట్టలేదు. 1781 అక్టోబరు 27న మొదటి ఆట పడింది. రాజుగారికి కొడుకు పుట్టిన సంబరంలో జనాన్ని ఉచితంగానే లోపలికి వదిలారు. ఇంత హడావుడిగా కట్టింది నిలబడుతుందో లేదో ముందు మామూలు జనంతో పరీక్షించారని ఊళ్లో ఎకసెక్కాలాడుకున్నారట!

మరి ఆసుపత్రి? కాలిన తర్వాత దాన్ని ఊరి మధ్య నుంచి మార్చాలా, అక్కడే బాగుచేయాలా అని ఏళ్లకేళ్లు వాదనలు నడిచాయి. మరమ్మతులు చేసి నడిపించారు. చివరికి సైన్సు అకాడమీ ఓ సంఘాన్ని వేసింది. ఆక్సిజన్‌కు పేరు పెట్టిన లవోజియే, గణితవేత్త లాప్లాస్, ఖగోళ శాస్త్రవేత్త బాయీ, వైద్యుడు తెనో అందులో ఉన్నారు. తెనో వార్డు వార్డూ తిరిగాడు. మంచాలు లెక్కబెట్టాడు, కొలిచాడు. మంచానికి ఎంతమంది పడుకుంటున్నారో రాసుకున్నాడు. ఒక్కో మంచం మీద నలుగురేసి, ఆరుగురేసి! చనిపోయేవాళ్ల పక్కనే కోలుకునేవాళ్లు. 1788లో ఆ లెక్కలన్నీ పుస్తకంగా అచ్చేశాడు. ఆధునిక ఆసుపత్రి ఎలా ఉండాలో చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి. తెనో గీసింది కూడా ఒక రకంగా మర్నాటి బొమ్మే. కాకపోతే రంగులతో కాదు, అంకెలతో.

ఒక మనిషికి ఒక మంచం ఉండాలన్న మాట అప్పుడు గట్టిగా వినబడింది. కానీ ఖజానా ఖాళీ. మరుసటేడాదే విప్లవం. ఇప్పుడు మనం చూసే ఒటెల్ ద్యు భవనం 1867లో మొదలై 1878లో పూర్తయింది. అంటే కాలిన నూట అయిదేళ్ల తర్వాత! రాజులు చూసే నాటకానికి మూడు నెలలు. పేదలు పడుకునే మంచానికి నూరేళ్లు. మంట రెండింటినీ ఒకేలా కాల్చింది. మనుషులే వాటిని ఒకేలా చూడలేదు.

తన వంతు వచ్చింది

1789 జులైలో బాస్టీ కోట మీద జనం దాడి చేశారు. కొద్ది రోజుల్లోనే దాన్ని కూల్చడం మొదలైంది. రాబర్ట్ అదీ గీశాడు. అంతకుముందే సెన్ నది వంతెనల మీది ఇళ్లు పడగొడుతుంటే గీశాడు. పారిస్‌లో ఏది కూలినా ఆయన అక్కడ ఉండేవాడు.

1793 అక్టోబరులో ఆయన్నే అరెస్టు చేశారు. రాజుగారి తోటల్ని తీర్చిదిద్దిన మనిషి, ప్రభువుల స్నేహితుడు... విప్లవకారుల కళ్లలో అంతకన్నా నేరం ఏముంటుంది? ముందు సెయింట్ పెలాజీ జైలు. తర్వాత సెయింట్ లాజర్. ఇన్నాళ్లూ ఇవతలి ఒడ్డు నుంచి చూసిన చిత్రకారుడు ఇప్పుడు మంట మధ్యలో ఉన్నాడు. రోజూ కొన్ని పేర్లు పిలిచేవాళ్లు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చేవాళ్లు కాదు.

అక్కడా కుంచె ఆగలేదు. కాన్వాసు దొరకనప్పుడు అన్నం తినే పళ్లేల మీద గీశాడు. వాటిని బయటికి పంపి అమ్మించి ఆ డబ్బుతో బతికాడు. ఖైదీలకు తిండి పంచడం, ఖైదీలు కాసేపు ఆటపాటల్లో పడటం... అవే బొమ్మలు. గిలెటిన్ బొమ్మ కాదు. గిలెటిన్ నీడలో మనుషులు రోజు ఎలా గడుపుతున్నారో ఆ బొమ్మ. రోమ్ శిథిలాల్లో బట్టలారేసిన ఆడవాళ్లను గీసిన చేయే ఇది. 1794 జులైలో రోబెస్పియర్ పతనమయ్యాక బయటపడ్డాడు. తన పేరే ఉన్న మరో మనిషిని పొరపాటున చంపేయడం వల్ల బతికిపోయాడని ఓ కథ ఉంది. అది నిజమో కాదో గానీ, ఆ రోజుల్లో అలాంటిది జరగదని ఎవరూ అనలేకపోయారు.

బయటికొచ్చిన రాబర్ట్‌ను లూవ్ర్ మ్యూజియం బాధ్యతలు చూసే సంఘంలో వేశారు. 1796లో లూవ్ర్ పెద్ద గ్యాలరీ మీద రెండు బొమ్మలు కలిపి ప్రదర్శనకు పెట్టాడు. ఒకదాంట్లో ఆ గ్యాలరీని పైనుంచి వెలుగొచ్చేలా ఎంత చక్కగా తీర్చిదిద్దవచ్చో చూపించాడు. రెండోదాంట్లో అదే గ్యాలరీ... కప్పు కూలి, గోడలు విరిగి, ఎన్నో వందల ఏళ్ల తర్వాతి శిథిలంగా! తాను కడుతున్నదాన్నే కూలిపోయినట్టు గీసుకున్న మనిషి ఇంకెవరుంటారు? ఆ శిథిలం మధ్య ఓ కుర్రాడు మిగిలిపోయిన అపోలో విగ్రహాన్ని చూస్తూ బొమ్మ వేసుకుంటున్నాడు. కప్పు కూలినా చూసేవాడు ఒకడు మిగిలాడు. మళ్లీ మర్నాడే!

అదే తేదీ

రాబర్ట్ 1808 ఏప్రిల్ 15న పారిస్‌లో కన్నుమూశాడు. సరిగ్గా 211 ఏళ్ల తర్వాత, 2019 ఏప్రిల్ 15 సాయంత్రం, పారిస్‌లో నోత్ర్ దామ్ చర్చికి నిప్పంటుకుంది. కాకతాళీయమే. కానీ ఆ రాత్రి చూసినవాళ్లకు రాబర్ట్ బొమ్మ గుర్తు రాకుండా ఉండదు. చీకట్లో నల్లటి గోడలు. ఎర్రబడిన పొగ. నది ఒడ్డున వేలమంది. అందరి ముఖాలూ ఒకే వైపు. కాకపోతే ఈసారి చేతుల్లో ఫోన్లు. వందల ఏళ్ల నాటి ఓక్ దూలాలు కాలిపోయాయి. శిఖరం కూలిన క్షణాన్ని ప్రపంచమంతా చూసింది. ఆనాటి నాటక నటుడి పంపుల దళానికి వారసులైన పారిస్ అగ్నిమాపక సిబ్బంది రాత్రంతా పోరాడి గోడల్నీ గంటల బురుజుల్నీ కాపాడారు.

మర్నాటి కథ ఫోన్లలో పెద్దగా రాలేదు. కూలిన రాళ్లనూ కాలిన దూలాల ముక్కలనూ చెత్తలా ఎత్తిపోయలేదు. ఒక్కొక్కటీ ఏరి, నంబరు వేసి భద్రపరిచారు. శాస్త్రవేత్తలు బొగ్గయిన చెక్కల్ని పరీక్షించి ఆ చెట్లు ఏ కాలం నాటివో చదివారు. దాదాపు రెండు వేల ఓక్ చెట్లు తెచ్చారు. వడ్రంగులు పాత పద్ధతిలో గొడ్డళ్లతో దూలాలు చెక్కారు. అయిదేళ్లకు పైగా పట్టింది. 2024 డిసెంబరులో చర్చి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

ఆ రాత్రి నది ఒడ్డున నిలబడినవాళ్లూ బాధపడ్డారు. వాళ్లను తప్పు పట్టనక్కర్లేదు. మంట లేస్తే కళ్లు అటే వెళతాయి. 1781లోనూ అంతే, ఇప్పుడూ అంతే. కానీ కాలినదాన్ని నిలబెట్టేది ఆ చూపు కాదు. మసి మధ్యలో నిలబడి ఏం పోయింది, ఏం మిగిలింది, ఎవరు బయటపడలేకపోయారు, ఎందుకు అంటుకుంది అని ఒక్కొక్కటీ రాసుకునేవాళ్ల చూపు. మంచాలు లెక్కబెట్టిన తెనోలాంటివాళ్లది.

రాబర్ట్ మంట బొమ్మ ఇప్పుడు ఏ పుస్తకంలో చూసినా ముందుగా కంటపడుతుంది. అందంగా ఉంటుంది. చూసి వదిలేయకండి. దాని జతను కూడా వెతకండి. కప్పు లేని ఆ హాల్లో పొగ ఇంకా లేస్తూనే ఉంటుంది. రాళ్ల మధ్య కొందరు మనుషులు ఉంటారు. నిన్నటి జనంతో పోలిస్తే చాలా కొద్దిమంది.